సంతాపానికి పహరా, సత్యానికి పాతర

2024 డిసెంబరులో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ఒక నివేదిక ఇచ్చింది. అందులో ఒక పట్టిక ఉంది. 2017 నుంచి 2022 దాకా వైమానిక దళంలో జరిగిన 34 ప్రమాదాలను వరసగా పేర్చి, ఒక్కొక్క దానికి ఎదురుగా కారణం రాశారు. వాటిలో ఒకటి 2021 డిసెంబరు 8 నాటిది. విమానం: ఎంఐ-17. కారణం: మానవ తప్పిదం, అదీ విమాన సిబ్బందిది. దేశపు మొట్టమొదటి త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్, ఆయన భార్య మధులిక, మరో పన్నెండు మంది ఎందుకు చనిపోయారన్న ప్రశ్నకు మూడేళ్ల తర్వాత ఈ దేశానికి దక్కిన జవాబు ఆ పట్టికలో ఒక గడి.

ఆ గడి ఒకరోజు వార్తగా వచ్చి పోయింది. మూడేళ్ల కిందట రాత్రికి రాత్రి ఫ్లెక్సీలు కట్టినవారు కదల్లేదు. కొవ్వొత్తులు పట్టుకుని కూడళ్లలో నిలబడినవారు కదల్లేదు. ఎవడు నవ్వాడో, ఎవడు నివాళి పెట్టలేదో ఫోన్లలో గాలించి పట్టించినవారు అసలే కదల్లేదు. కుందుర నుంచి గుణుపురం దాకా, జయపురం నుంచి రాయగడ దాకా మన ఇళ్లలో కూడా ఆ సంగతి ఒక పూట మాటగా నిలవలేదు.

మా అభియోగం ఇది. ఒక సేనాని హఠాత్తుగా మరణిస్తే ఈ దేశ ప్రజలం ఒకరి దుఃఖానికి ఒకరం కాపలా కాశాం. ఎవరి కన్ను తడిసిందో కనిపెట్టే పనిలో పడి, ఆయన ఎందుకు చనిపోయాడో అడిగే పని వదిలేశాం. మనం వదిలేసిన ఆ చోటనే ప్రభుత్వం నిజాన్ని పాతిపెట్టింది.

జరిగింది ఒకసారి చెప్పుకోవాలి. ఆ రోజు ఉదయం 11 గంటల 48 నిమిషాలకు కోయంబత్తూరు దగ్గరి సూలూరు నుంచి వైమానిక దళ హెలికాప్టర్ లేచింది. వెల్లింగ్టన్‌లోని రక్షణ దళాల స్టాఫ్ కాలేజీలో జనరల్ రావత్ ప్రసంగించాలి. 12 గంటల 15 నిమిషాలకు అక్కడ దిగాలి. 12 గంటల 8 నిమిషాల వేళకు సూలూరుతో సంబంధం తెగిపోయింది. దిగడానికి ఏడు నిమిషాలు ఉందనగా, నీలగిరుల్లో కూనూరు దగ్గర, నంజప్పచత్రం అనే ఊరి పక్కన హెలికాప్టర్ చెట్లలో పడి మండిపోయింది. మర్నాడు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ పార్లమెంటులో చెప్పిన వివరాలివి. పద్నాలుగు మందిలో పదమూడు మంది అదే రోజు పోయారు. ఒళ్లంతా కాలిన గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్ వారం రోజులు పోరాడి డిసెంబరు 15న బెంగళూరులో కన్నుమూశాడు.

జనరల్ రావత్ మరణాన్ని అధికారికంగా ప్రకటించేసరికి సాయంత్రం ఆరయింది. మధ్యాహ్నం నుంచి ఆ ఆరు గంటల పాటు దేశం పుకార్ల మీద బతికింది. ఒకరు చైనా అన్నారు. ఒకరు పాకిస్తాన్ అన్నారు. తమిళనాడు కాబట్టి ఎప్పుడో అణగారిన ఎల్‌టీటీఈ పులుల పేరు ఎత్తినవారూ ఉన్నారు. మంటలు ఆరకముందే కుట్ర తేల్చేశారు. ఇక చీకటి పడ్డాక వేట మొదలైంది.

ఆ వేటలో ఎవరు దొరికారు? నవ్వు బొమ్మ పెట్టినందుకు జమ్మూకశ్మీర్‌లో ఒక బ్యాంకు ఉద్యోగిని సస్పెండ్ అయింది. రాజస్థాన్‌లో అరెస్టు, గుజరాత్‌లో అరెస్టు. కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై అనుచిత వ్యాఖ్యలు చేసినవారిపై చర్య తీసుకోవాలని పోలీసులను ఆదేశించారు. తమిళనాడులో కథ ఇంకో మలుపు తిరిగింది. రావత్ మరణాన్ని అధికార పక్షం మద్దతుదారులు ఎగతాళి చేస్తున్నారని, రాష్ట్రం మరో కశ్మీర్ అవుతోందని రాసిన ఒక యూట్యూబర్‌ను అక్కడి పోలీసులు పట్టుకెళ్లారు. వారం తిరగకుండానే మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆ కేసు కొట్టేసింది. ఒకచోట నవ్వినవాడి మీద కేసు, మరొకచోట నవ్వారని గోలపెట్టినవాడి మీద కేసు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఆ వారంలో చేసిన పని ఒక్కటే. జనం ముఖాల మీద ఏ భావం ఉండాలో పోలీసు స్టేషన్‌లో నిర్ణయించడం.

చావు చూసి నవ్వడం నీచం. అందులో మాకు రెండో మాట లేదు. శత్రువు ఇంట శవం లేచినా వీధిలో పాట ఆపే సంస్కారం మన పల్లెల్లో ఉంది. ఆ సంస్కారం లేనివాణ్ణి ఇంటివాళ్లు మందలించాలి, స్నేహితులు ముఖం చాటేయాలి, ఊరు ఛీ అనాలి. లాకప్పులో పెట్టకూడదు. నీచమైన ప్రతి పనీ నేరమైతే జైళ్లు చాలవు. అంతకన్నా ముఖ్యం, భయపడి పెట్టే నివాళికి విలువ లేదు. పక్కవాడు చూస్తున్నాడని దించిన తల సైనికుడికి గౌరవం కాదు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. చచ్చినవాడి కళ్ళు చేరెడు అంటారు మనవాళ్లు. జనరల్ రావత్ బతికి ఉండగా వివాదాలకు దూరంగా ఉన్న మనిషి కాదు. కశ్మీర్‌లో ఒక పౌరుణ్ణి జీపు ముందు కట్టి తిప్పిన అధికారిని 2017లో ఆయన వెనకేసుకొచ్చారు. పౌరసత్వ సవరణ చట్టంపై ఆందోళనల సమయంలో విద్యార్థి నాయకత్వం గురించి ఆయన అన్న మాట మీద 2019 డిసెంబరులో పెద్ద చర్చ జరిగింది. యూనిఫాంలో ఉన్నవారు రాజకీయం మాట్లాడవచ్చా అని మాజీ సైనికాధికారులే అడిగారు. సరిహద్దుల్లో నాలుగు దశాబ్దాలు పనిచేసిన సైనికుడిగా ఆయనకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. ఆయన నిర్ణయాల మీద వేయాల్సిన ప్రశ్నలు వేయాలి. ఈ రెండూ ఒకే మనిషి ఒకే నోటితో చేయగల పనులు. డిసెంబరు 8 సాయంత్రం నుంచి రెండో పని దేశద్రోహం అయిపోయింది. పాత ప్రశ్నను గుర్తుచేసినవాడికీ, నవ్వు బొమ్మ పెట్టినవాడికీ తేడా లేకుండా పోయింది.

ఈ గోలలో ఒక ఊరు మాత్రం మనుషుల్లా ప్రవర్తించింది. నంజప్పచత్రం. తేయాకు తోటల మధ్య చిన్న బస్తీ. చెట్లు విరిగిన చప్పుడు, పేలిన చప్పుడు విని ఆ ఊరివాళ్లు పరుగెత్తారు. అందులో ఎవరున్నారో వాళ్లకు తెలియదు. జనరలో, జవానో, అసలు ఏ దేశం హెలికాప్టరో తెలియదు. మంటల వేడికి దగ్గరకు పోలేక బిందెలతో నీళ్లు పోశారు. ఇళ్లలో కప్పుకునే దుప్పట్లు, చీరలు తెచ్చిచ్చారు. ఆ దుప్పట్లలోనే మనుషులను రోడ్డు దాకా మోశారు. డిసెంబరు చలిలో నీలగిరుల్లో దుప్పటి ఇచ్చేయడం అంటే ఏమిటో మన పొట్టంగి, సెమిలిగుడ కొండల మీద ఉండేవారికి చెప్పక్కర్లేదు. కొద్ది రోజుల తర్వాత దక్షిణ భారత్ ఏరియా సైనికాధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎ. అరుణ్ స్వయంగా ఆ ఊరికి వెళ్లి కృతజ్ఞత చెప్పారు. ప్రతి నెలా వైద్య శిబిరం పెడతామని మాట ఇచ్చారు. సైన్యం చేసిన మంచి పని అది.

ఆ ఊరివాళ్లకు ఎవరూ దేశభక్తి పరీక్ష పెట్టలేదు. వాళ్లు ఎవరి దేశభక్తినీ పరీక్షించలేదు. కాలుతున్న మనిషి కనబడ్డాడు, నీళ్లు పోశారు. ఆ తర్వాత దేశమంతా సాగిన హంగామాను ఆ దుప్పటి పక్కన పెట్టి చూస్తే మనం ఎంత పలచబడ్డామో తెలుస్తుంది.

ఈ విషయం మీద మాట్లాడే హక్కు మన కోరాపుట్ జిల్లాకు ఒకింత ఎక్కువే ఉంది. సునాబెడ మన మధ్య ఉంది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజిన్ల కర్మాగారం అక్కడ 1964లో పెట్టారు. మిగ్-21 ఇంజిన్లతో మొదలుపెట్టి మిగ్-27, మిగ్-29, సుఖోయ్-30 ఇంజిన్ల దాకా ఆ కొండ మీద తయారయ్యాయి, మరమ్మతు అయ్యాయి. ఒడియావాళ్లతో పాటు విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు రెండు మూడు తరాలుగా ఆ టౌన్‌షిప్‌లో ఉన్నాయి. కూనూరులో కూలిన హెలికాప్టర్‌కూ సునాబెడకూ సంబంధం లేదు. అది రష్యాలో తయారై వచ్చింది. అయినా, విమానం కూలడం అంటే ఏమిటో, కూలాక ఏం చేయాలో ఈ దేశంలో అందరికన్నా బాగా తెలిసిన ఊళ్లలో సునాబెడ ఒకటి.

2012లో అప్పటి రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పిన లెక్క ఇది: కొన్న మిగ్ రకం విమానాలు 872. ఆ ఏడాది ఏప్రిల్ దాకా ప్రమాదాల్లో పోయినవి 482. చనిపోయిన పైలట్లు 171 మంది, పౌరులు 39 మంది. సగానికి పైగా విమానాలు యుద్ధం లేకుండానే నేలకూలాయి. మిగ్-21 చివరికి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఈ అరవై ఏళ్లలో ఎక్కడ విమానం పడినా సునాబెడలో పనిచేసేవారికి నిద్రపట్టని రాత్రి అది. ఇంజిన్‌లో లోపం ఉందా? ఉంటే ఏ భాగం? ఏ చేతి మీదుగా పోయింది? ఇంజిన్‌లో ప్రతి ముఖ్యమైన భాగానికీ ఒక నంబరు ఉంటుంది. ఎప్పుడు బిగించారు, ఎన్ని గంటలు తిరిగింది, ఎవరు పరీక్షించి సంతకం పెట్టారు, అన్నీ రాసి ఉంటాయి. కూలిన ఇంజిన్‌ను ముక్కముక్కగా విప్పి ఆ రాతలతో పోల్చి చూస్తారు. దోషిని పట్టడం కన్నా ముందు, అదే భాగం బిగించుకుని రేపు ఎగరబోయే మరో విమానాన్ని ఆపడం కోసం చూస్తారు. అక్కడ ప్రశ్న వేయడం చనిపోయిన పైలట్‌ను అవమానించడం కాదు. ప్రశ్న వేయకపోవడమే రేపటి పైలట్‌ను చంపడం. ఆ పనిని బతుకుతెరువుగా చేసుకున్న మనుషుల నడుమ ఉంటూ మనం కూడా ఫ్లెక్సీ కట్టి చేతులు దులుపుకున్నాం.

మన తెలుగువారికి హెలికాప్టర్ మరణాలు కొత్త కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కైకలూరు దగ్గర చేపల చెరువులో హెలికాప్టర్ కూలి చనిపోయారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హైదరాబాద్ నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరి నల్లమలలో పావురాలగుట్ట మీద పోయారు. ఆ రెండో మరణం తర్వాత జనం ఎలా అల్లాడారో ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి గుర్తుంది. ఆ దుఃఖం నిజమైనది. అయితే దాని వెంటే ఏం జరిగింది? నాలుగు నెలలు దాటగానే, 2010 జనవరిలో, ఆధారం లేని ఒక కుట్ర కథనాన్ని టీవీ ఛానల్ ప్రసారం చేస్తే ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో రిలయన్స్ దుకాణాల మీద దాడులు జరిగాయి. కూరగాయల కొట్టులో పనిచేసే కుర్రాళ్లు ప్రాణభయంతో షట్టర్లు దించుకున్నారు. దుఃఖానికి నిజం అందకపోతే అది ఏ రాయినైనా పట్టుకుంటుంది.

అదే కేసులో రెండో సంగతి కూడా చెప్పాలి. దర్యాప్తు కమిటీ నివేదిక బయటికి వచ్చింది. ట్రాన్స్‌మిషన్ చమురు వ్యవస్థలో ఏదో తేడా కనబడితే, పైలట్లు ఆరు నిమిషాలకు పైగా పుస్తకం తిరగేస్తూ దానికి పరిష్కారం వెతికారని, ఈలోగా హెలికాప్టర్ క్యుములోనింబస్ మేఘంలోకి పోయిందని, కిందికి తోసే గాలికి చిక్కి పడిపోయిందని అందులో రాశారు. చదివినవారికి గుండె పిండినట్టే ఉంటుంది. కానీ అది అర్థమయ్యే నిజం. ఆ ఆరు నిమిషాల గురించి పైలట్ శిక్షణలో చెప్పవచ్చు. వాతావరణ రాడార్ గురించి, ప్రముఖుల ప్రయాణాలకు వెళ్లాలా వద్దా అని ఎవరు తేల్చాలన్న దాని గురించి చర్చించవచ్చు. ఇప్పటికీ కుట్ర అని నమ్మేవారు ఉండవచ్చు. వాళ్లతో వాదించడానికి చేతిలో కాగితం ఉంది.

రావత్ విషయంలో ఆ కాగితం లేదు. ఎయిర్ మార్షల్ మానవేంద్ర సింగ్ నాయకత్వంలో మూడు దళాల దర్యాప్తు జరిగింది. 2022 జనవరి 14న వైమానిక దళం నాలుగు మాటలు చెప్పింది: యాంత్రిక లోపం లేదు, విద్రోహం లేదు, నిర్లక్ష్యం లేదు, లోయలో వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మబ్బుల్లోకి వెళ్లింది, పైలట్ దిక్కూ ఎత్తూ పోల్చుకోలేని స్థితిలో పడ్డాడు, అదుపులో ఉన్న హెలికాప్టరే వెళ్లి నేలను గుద్దుకుంది. అది ప్రాథమిక నివేదిక అన్నారు. పూర్తి నివేదిక ప్రజల ముందుకు రాలేదు. ఆ తర్వాత వచ్చింది పైన చెప్పిన గడే.

నిర్లక్ష్యం లేదని 2022లో అన్నవారు 2024లో సిబ్బంది తప్పిదం అన్నారు. రెండూ సాంకేతికంగా ఒకదానికొకటి అడ్డు కాకపోవచ్చు. మబ్బులో దారి తప్పడం పొరపాటే గాని నిర్లక్ష్యం కాకపోవచ్చు. కాని ఆ రెండు మాటల మధ్య ఉన్నవన్నీ దాచి, చివరి మాట మాత్రం అచ్చు వేస్తే భారమంతా ఎవరి మీద పడింది? ఆ హెలికాప్టర్ నడిపిన నలుగురి మీద: వింగ్ కమాండర్ పృథ్వీసింగ్ చౌహాన్, స్క్వాడ్రన్ లీడర్ కుల్దీప్ సింగ్, జూనియర్ వారెంట్ ఆఫీసర్లు ఎ. ప్రదీప్, రాణా ప్రతాప్ దాస్. నలుగురూ చనిపోయారు. జవాబు చెప్పుకోలేరు.

రాణా ప్రతాప్ దాస్ మన ఒడిశావాడు. అంగుల్ జిల్లా తాల్చేరు దగ్గరి కృష్ణచంద్రపూర్ ఆయన ఊరు. శవపేటిక భువనేశ్వర్‌కు వచ్చినప్పుడు ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ వెళ్లి పూలు ఉంచారు. ఊరంతా కదిలి వచ్చింది. మూడేళ్ల తర్వాత ఆ ఇంటికి ఢిల్లీ నుంచి వచ్చిన సందేశం, ఆ గడి భాషలో, తప్పు మీవాళ్లది అని. వెళ్లాలని ఎవరు నిర్ణయించారు? కోయంబత్తూరు నుంచి వెల్లింగ్టన్‌కు రోడ్డు ఉండగా ఆ వాతావరణంలో గాలి మార్గం ఎందుకు? కొండల్లో మబ్బు దిగుతోందని ఎవరికి ఎప్పుడు తెలిసింది? వెనక్కి తిరుగుదాం అనే మాట దేశపు అత్యున్నత సైనికాధికారిని కూర్చోబెట్టుకున్న పైలట్ ఎంత తేలికగా అనగలడు? వీటిలో ఒక్కదానికైనా జవాబు తెలిస్తే ఆ నలుగురి వాటా ఎంతో, వాళ్ల పైవారి వాటా ఎంతో తేలేది. అప్పుడు వారి కోసం కొవ్వొత్తి పట్టిన మనం ఇప్పుడు వారి తరఫున ఒక ప్రశ్న కూడా పట్టలేదు.

అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ బి. సాయితేజ కూడా ఆ హెలికాప్టర్‌లోనే ఉన్నాడు. జనరల్ వెంట ఉండే రక్షకుల్లో ఒకడు. ఇరవై ఏడేళ్లవాడు. భార్య, ఇద్దరు పసిపిల్లలు. జనరల్ దంపతులకు డిసెంబరు 10న ఢిల్లీ కంటోన్మెంట్‌లో పదిహేడు తుపాకుల వందనంతో అంత్యక్రియలు జరిగాయి. గుర్తుపట్టలేనంతగా కాలిన సాయితేజ దేహం డీఎన్ఏ పరీక్ష అయ్యాక గాని ఊరు చేరలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కుటుంబానికి 50 లక్షలు ఇచ్చింది. తెలుగు నేల ఆ బిడ్డను కడుపులో పెట్టుకుని సాగనంపింది. అది చేయాల్సిన పనే, చేశాం. మా అభియోగం ఆ రోజు మీద కాదు, ఆ తర్వాతి రోజుల మీద. సాయితేజ పిల్లలు పెద్దవాళ్లై నాన్న ఎలా పోయాడని అడిగితే వాళ్ల అమ్మ ఏ కాగితం చూపించాలి?

దాచడం తప్పనిసరి కాదని ఇదే వైమానిక దళం ఒకసారి చూపించింది. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గాంలో ఇదే ఎంఐ-17వీ5 రకం హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. ఆ అక్టోబరులో వైమానిక దళాధిపతి ఆర్.కె.ఎస్. భదౌరియా పత్రికల ముందుకు వచ్చి, అది మా పెద్ద తప్పు అని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు వల్ల దేశభద్రత కూలిపోలేదు. వైమానిక దళం గౌరవం తగ్గలేదు. అంతకు ముందు, 1963 నవంబరు 22న పూంచ్ దగ్గర టెలిగ్రాఫ్ తీగలు తగిలి హెలికాప్టర్ పడి ఇద్దరు లెఫ్టినెంట్ జనరళ్లు, ఒక ఎయిర్ వైస్ మార్షల్‌తో సహా ఆరుగురు పోయారు. పెద్ద అధికారులంతా ఒకే విమానంలో ఎక్కకూడదన్న జాగ్రత్త ఆ చావుల నుంచే పుట్టింది.

బయటి దేశాలవి రెండు చాలు. 2020 జనవరి 2న తైవాన్ సైనిక ప్రధానాధికారి షెన్ యీమింగ్ హెలికాప్టర్ కొండను ఢీకొని చనిపోయారు. పక్కనే చైనా వంటి శత్రువు కాచుకుని ఉన్న దేశం అది. అయినా రెండు నెలలు తిరగకుండా వాతావరణమూ మనుషుల పొరపాటూ కారణమని వాళ్ల సైన్యం జనానికి వివరించింది. 2024 ఏప్రిల్ 18న కెన్యా రక్షణ దళాల అధిపతి ఫ్రాన్సిస్ ఒగొల్లా ఇలాగే పోతే, ఏడాదిలోపు ఇంజిన్ శక్తి కోల్పోవడమే కారణమని ఆ దేశం నివేదిక బయటపెట్టింది. మన దగ్గర కూడా పౌర విమానాలకు ఒక పద్ధతి ఉంది. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలితే నెల రోజులకు ప్రాథమిక నివేదిక అందరి చేతికీ వచ్చింది. అది నచ్చనివారు దాంతో తగవు పెట్టుకున్నారు, పెట్టుకుంటున్నారు. సైనిక విమానానికి ఆ నియమం వర్తించదు. దర్యాప్తు లోపలే మొదలై లోపలే ముగుస్తుంది. రేడియో సంకేతాలు, మార్గాలు, ఆయుధాల వివరాలు దాచుకోండి, ఎవరూ కాదనరు. వాతావరణ సూచన కూడా సైనిక రహస్యమా?

ఆ డిసెంబరులో మన కంట పడని ఇంకో శోకం ఉంది. రావత్ మరణానికి నాలుగు రోజుల ముందు, డిసెంబరు 4న, నాగాలాండ్‌లోని మోన్ జిల్లా ఓటింగ్ గ్రామం దగ్గర బొగ్గు గనిలో పని ముగించుకుని పికప్ వ్యాన్‌లో ఇంటికి పోతున్న కొన్యాక్ కూలీల మీద సైనిక కమాండోలు కాల్పులు జరిపారు. తిరుగుబాటుదారులు అనుకున్నారట. ఆ కాల్పుల్లోనూ, వెంట జరిగిన ఘర్షణల్లోనూ పద్నాలుగు మంది పౌరులు చనిపోయారు. ఒక కమాండో కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. అక్కడా పద్నాలుగు, కూనూరులోనూ పద్నాలుగు. చావుకు చావును తూకం వేయడం మా ఉద్దేశం కాదు. కాని డిసెంబరు 8 రాత్రి నుంచి ఓటింగ్ పేరు ఎత్తడమే జనరల్‌కు అవమానమైంది. ఆ కూలీల గురించి అడిగినవారిని, ఇప్పుడా అడిగేది అని నోరు మూయించారు. ఆ తర్వాత అడగడానికి సమయం ఎప్పుడూ రాలేదు. ముప్పై మంది సైనికుల విచారణకు కేంద్రం అనుమతి ఇవ్వలేదు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసు ముగించింది. 2009 నవంబరులో నారాయణపట్న పోలీసు స్టేషన్ ముందు కాల్పుల్లో ఇద్దరు ఆదివాసులు పోయిన జిల్లా మనది. 2017 ఫిబ్రవరిలో సుంకి దగ్గర మందుపాతరకు శిక్షణకు వెళ్తున్న పోలీసు కుర్రాళ్లు బలైన జిల్లా మనది. కొండవాడి చావైనా, కానిస్టేబుల్ చావైనా రెండు రోజుల్లో ఎలా మాసిపోతుందో మనకు ఒకరు చెప్పాలా? ఓటింగ్ వైపు మనం తిరిగి చూడకపోవడం మిగతా దేశం చూడకపోవడం కన్నా పెద్ద తప్పు.

ఆ రోజుల్లో సైన్యం మీద అంత ప్రేమ ఒలకబోసిన మనం మరో సంగతి కూడా గమనించలేదు. రావత్ పోయాక త్రిదళాధిపతి పదవి దాదాపు పది నెలలు ఖాళీగా ఉంది. జనరల్ అనిల్ చౌహాన్ 2022 సెప్టెంబరు 30న బాధ్యత తీసుకునే దాకా, దేశ రక్షణకు అత్యవసరమని 2020 జనవరిలో మొదలుపెట్టిన కుర్చీలో ఎవరూ లేరు. ఆ ఖాళీ గురించి ఎన్ని ఊరేగింపులు తీశాం? ఒక్కటీ లేదు. ఒక నవ్వు బొమ్మ మన నిద్ర చెడగొట్టింది. పది నెలల ఖాళీ చెడగొట్టలేదు.

కుందుర బ్లాకులోని పంచాయతీల నుంచి, రాయగడ వార్డుల నుంచి సరిహద్దు భద్రతా దళంలోకి, సీఆర్పీఎఫ్‌లోకి, సైన్యంలోకి కుర్రాళ్లు పోతూనే ఉన్నారు. రేపు కూడా వాళ్లు ఎవరో ఒక పెద్ద అధికారి వెంట, ఎవరో నిర్ణయించిన వేళకు, ఎవరో చదివిన వాతావరణాన్ని నమ్మి హెలికాప్టర్ ఎక్కుతారు. వాళ్ల తల్లిదండ్రుల పేరు మీద అడుగుతున్నాం. కూనూరు ప్రమాదంపై మూడు దళాల దర్యాప్తు నివేదికను, రహస్యం కావాల్సిన భాగాలు తీసేసి, పార్లమెంటు ముందు పెట్టాలి. ప్రముఖులు ఎక్కిన సైనిక హెలికాప్టర్ విషయంలో వెళ్లనని చెప్పే చివరి అధికారం పైలట్‌దేనా కాదా, ఆ ప్రమాదం తర్వాత ఆ నిబంధనల్లో ఏం మారింది, రాతపూర్వకంగా చెప్పాలి. తప్పిదం అని నలుగురి మీద వేసిన మాటకు ఆధారం వాళ్ల కుటుంబాలకైనా చూపించాలి. కోరాపుట్, నవరంగపూర్ లోక్‌సభ సభ్యులిద్దరూ ఈ ప్రశ్నను రక్షణ మంత్రికి సభలో వేయాలి. మనం వాళ్ల కార్యాలయాలకు ఉత్తరాలు రాయాలి, ఫ్లెక్సీ కట్టిన ప్రతి సంఘమూ ఒక ఉత్తరం. జవాబు వచ్చిన రోజున దాన్ని ఈ పుటలోనే మొత్తంగా అచ్చు వేస్తాం.